గండిలో పరుగు: దారిని చివరి మిట్ట నుంచి వెనక్కి చదవండి

కొండ మీదికి పరుగెత్తేవారికి కష్టం ముందే ఎదురవుతుంది. ఊపిరి అందకపోతే ఆగుతారు, వెనక్కి తిరుగుతారు, దిగుతూ ఇంటిదారి పడతారు. గండిలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఏరు కొండను కోసుకుంటూ పోయిన చోటు అది. బండి ఆపే చోటు పై అంచున ఉంటుంది. అలసట తెలియని కాళ్ళతో, చల్లటి పొద్దున, పల్లంలోకి జారుకుంటూ పోతాం. ఎంత దూరం వచ్చామో ఒంటికి తెలియదు. తెలిసే వేళకు ఎండ నడినెత్తికి వస్తుంది, సీసాలో నీళ్ళు సగానికి దిగుతాయి, ఎక్కవలసిన మిట్ట మాత్రం మొత్తం మిగిలే ఉంటుంది.

నేను ఇరవై రెండేళ్ళు బడిలో భూగోళం చెప్పాను. నలభై ఒకటో ఏట పరుగు మొదలుపెట్టాను. పదకొండేళ్ళుగా వారానికి రెండు రోజులు ఒకే గండి పార్కులో తిరుగుతున్నాను. ఈ మధ్య నా మేనకోడలు కూడా నాతో వస్తోంది. మొదటి రోజు అంచున నిలబడి కిందికి చూసి, "అత్తా, ముందు దిగడమే కదా, ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?" అని అడిగింది. ఆ రోజు దారి పొడవునా చెప్పిన జవాబు, తర్వాతి వారాల్లో దానికి కలిపినవి ఇక్కడ రాస్తున్నాను. చదునైన రోడ్డు మీద అయిదారు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగి, గండి దారులు మాత్రం కొత్తగా ఉన్నవారి కోసం ఇది.

పటంతో మొదలుపెట్టండి

పార్కు ద్వారం దగ్గర రంగురంగుల బొమ్మ పటం ఉంటుంది. దాని మీద దారి పొడవు తప్ప ఇంకేమీ ఉండదు. గండిలో పొడవు ఒక్కటే చూసి దారిని ఎంచుకోవడం పెద్ద పొరపాటు. సమోన్నత రేఖలున్న పటం సంపాదించండి. ఫోనులో దింపుకునే పటాల్లోనూ ఆ రేఖలు ఉంటాయి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీతలవి. గీతకూ గీతకూ మధ్య ఎన్ని మీటర్ల తేడా ఉందో పటం మూలన రాసి ఉంటుంది. తేడా 20 మీటర్లయి, మీ దారి 17 గీతలను దాటుతూ ఉంటే, మీరు 340 మీటర్లు దిగుతున్నారన్నమాట. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చోట వాలు నిటారుగా ఉంటుంది. దూరదూరంగా ఉన్న చోట కాలికి ఊపిరి ఆడుతుంది.

ఈ గీతలు వాగును దాటే చోట కోసుగా వంగుతాయి. ఆ కోసు ఎప్పుడూ ఎగువ వైపే చూపిస్తుంది. గట్టు వెన్ను మీద మాత్రం కోసు దిగువకు చూస్తుంది. పిల్లలకు ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద గీసి చెప్పిన సంగతే అయినా, ఒక పక్క లోయలో దారి రెండుగా చీలినప్పుడు దాని విలువ నాకు తెలిసింది. రెండు దారులూ ఎక్కుతున్నట్టే కనిపించాయి. పటంలో ఒకదాని మీద కోసులు ఎగువకు తిరిగి ఉన్నాయి, అంటే అది వాగు పాయ. రెండోది గట్టు వెన్ను. వాన పడే సూచన ఉన్న ఆ రోజు పాయను వదిలి వెన్ను పట్టుకున్నాను.

ఇక సమయం లెక్క. స్కాట్లండ్‌కు చెందిన విలియం నేస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో దాన్ని ఇలా వాడుతున్నారు: గంటకు 5 కిలోమీటర్ల నడక, దానికి ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ఒక నిమిషం కలుపుకోవాలి. ఇది నడిచేవారి లెక్క. పరుగుకు ఇది ఎందుకని మేనకోడలు అడిగింది. మడమ మెలిక పడినా, ఎండ దెబ్బ తగిలినా, మనం నడిచే తిరిగి రావాలి. అందుకే నేను ఏ దారికయినా తిరుగు ప్రయాణాన్ని నడక లెక్కలోనే వేస్తాను. నీళ్ళు ఆ సమయానికి సరిపడా ఉంటేనే దిగుతాను.

ఒక ఉదాహరణ. మా పార్కులో పై అంచు నుంచి వాగు దాకా దిగే మెలికల దారి పొడవు 2.8 కిలోమీటర్లు, దిగుడు 340 మీటర్లు. దిగడానికి నాకు ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. నడిచి పైకి రావడానికి నేస్మిత్ లెక్కన దూరానికి 34 నిమిషాలు, ఎత్తుకు 34 నిమిషాలు, మొత్తం 68 నిమిషాలు. ఇరవై ఎక్కడ, అరవై ఎనిమిది ఎక్కడ! ఈ రెండు అంకెలూ పక్కపక్కన కాగితం మీద రాసి చూసుకున్న రోజే మీకు గండి అర్థమవుతుంది.

ఏ దారి ముందు, ఏ దారి తర్వాత

గండి పార్కులు ఎన్ని రకాలుగా ఉన్నా, దారులు మూడు తరగతుల్లోకి వస్తాయి: పై అంచు వెంట పోయేవి, అంచు నుంచి అడుగుకు దిగేవి, అడుగున ఏటి వెంట పోయేవి. పక్క లోయలు ఈ మూడింటినీ కలుపుతూ ఉంటాయి.

మొదటి నెల అంచు దారిని విడిచిపెట్టకండి. నేను పరుగెత్తే అంచు దారి 9 కిలోమీటర్ల చుట్టు, ఎక్కే ఎత్తు మొత్తం కలిపినా 140 మీటర్లకు మించదు. అది సులువని చాలామంది ఒకసారి చేసి వదిలేస్తారు. నాకు అది ఇప్పటికీ ఇష్టమైన దారి. ఎక్కడి నుంచయినా బండి దగ్గరికి తిరిగి రావచ్చు, గాలి ఆడుతుంది, పైగా గండి మొత్తం కింద పరుచుకుని ఉంటుంది. రేపు దిగబోయే దారిని ఇవాళ పైనుంచి చూడవచ్చు. ఏ గంటకు ఏ గోడ మీద నీడ పడుతోంది, ఏ మెలిక దగ్గర చరియ జారి రాళ్ళు పడ్డాయి, వాగులో నీరు మెరుస్తోందా లేక ఇసుక తెల్లగా ఎండి ఉందా, ఇవన్నీ చూసి గుర్తుపెట్టుకోండి. అంచు దారిలో ఒక్క జాగ్రత్త చాలు: బండ చివర గాలికి కోసుకుపోయి, కింద ఆనిక లేకుండా ముందుకు పొడుచుకు వచ్చి ఉండవచ్చు. చూడాలనిపిస్తే ఆగి చూడండి. పరుగెత్తుతూ పక్కకు చూడవద్దు.

రెండో నెల నుంచి దిగుడు దారి. అయితే మొదటిసారే అడుగు దాకా పోవద్దు. మూడో వంతు దిగి తిరిగి రండి. మీ చేతిలో ఉన్న సమయాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగం దిగడానికి, రెండు భాగాలు ఎక్కడానికి ఉంచుకోండి. రెండు గంటలు ఉంటే, నలభయ్యో నిమిషాన ఎక్కడ ఉన్నా సరే వెనక్కి తిరగాలి. వాగు ఇంకో మలుపు దూరంలోనే ఉన్నా తిరగాలి. ఆ "ఇంకో మలుపు" అన్నమాట నాకు ఎంత ఖరీదయిందో కింద చెబుతాను.

ఏటి వెంట దారి చదునుగా ఉంటుందని పటం చెబుతుంది. కాలు వేరే మాట చెబుతుంది. ఇసుక, దాని తర్వాత గుండ్రాళ్ళు, వాటిని దాటితే మళ్ళీ ఇసుక. మా పార్కులో 5 కిలోమీటర్ల ఏటి దారికి రోడ్డు మీద 8 కిలోమీటర్లకు పట్టేంత సమయం పడుతుంది. దాన్ని విడిగా చేయకండి. దిగుడు, ఎక్కుడు రెండూ అలవాటయ్యాక, ఒకవైపు దిగి, ఏటి వెంట పోయి, పక్క లోయ గుండా ఎక్కి, అంచు మీదుగా తిరిగి వచ్చే చుట్టుకు దాన్ని నడుమ భాగంగా ఉంచుకోండి.

ఆ చుట్టును ఏ వైపు నుంచి చేయాలన్నది అసలు ప్రశ్న. మా దగ్గర ఒక కొసన 340 మీటర్ల మెలికల దారి ఉంది. రెండో కొసన పక్క లోయ గుండా 1.6 కిలోమీటర్లలోనే 310 మీటర్లు లేచే నిటారు దారి ఉంది. చాలామంది నిటారు దారిని దిగి, సాగే దారిని ఎక్కుతారు. ఎక్కడం సులువుగా ఉండాలని వారి ఆలోచన. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతాను. నిటారు దారిని ఎక్కండి, సాగే దారిని దిగండి. కారణాలు మూడు. జారే రాళ్ళున్న నిటారు చోట దిగేటప్పుడు పడితే దెబ్బ పెద్దది, ఎక్కేటప్పుడు పడితే చేతులు నేలకు దగ్గరగానే ఉంటాయి. నిటారు మిట్టను ఎలాగూ నడిచే ఎక్కుతాం కాబట్టి పరుగు పోతుందన్న బెంగ లేదు. మూడోది సమయం. నేస్మిత్ లెక్క వేసి చూడండి: 1.6 కిలోమీటర్లకు 19 నిమిషాలు, 310 మీటర్లకు 31 నిమిషాలు, మొత్తం 50. సాగే దారి కంటే పద్దెనిమిది నిమిషాల ముందే పైకి చేరుతాం. ఎండలో ఆ పద్దెనిమిది నిమిషాలు చాలా పెద్దవి.

దీన్ని కొట్టివేసే సంగతి ఒక్కటే, నీడ. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి తూర్పు గోడ తన కాళ్ళ దగ్గర నీడ పరుస్తుంది, పడమటి గోడ ఎండలో కాలుతుంది. మధ్యాహ్నం దాటాక ఇది మారిపోతుంది. మీ చివరి మిట్ట ఏ గోడకు ఉందో, మీరు దాన్ని ఎక్కే గంటకు ఆ గోడ నీడలో ఉంటుందో లేదో పటం మీద చూసుకోండి. నీడ లేని నిటారు దారి కంటే నీడ ఉన్న సాగే దారి మేలు. ఇలా చివరి మిట్టను ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి ఏటి దారికి, ఏటి నుంచి దిగుడుకు, దిగుడు నుంచి బయలుదేరే గంటకు, వెనక నుంచి ముందుకు దారిని కట్టుకుంటూ రావాలి.

దిగడం

దీని మీద ఎక్కువ సేపు నిలుస్తాను. గండిలో దెబ్బలన్నీ ఇక్కడే మొదలవుతాయి, అవి బయటపడేది మాత్రం ఎక్కేటప్పుడు.

ఇటలీ శాస్త్రవేత్త ఆల్బెర్టో మినెట్టి బృందం 2002లో, కొండ పరుగులో ఆరితేరినవారిని రకరకాల వాలుల్లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ఖర్చయ్యే శక్తిని కొలిచింది. ప్రతి పది మీటర్లకు రెండు మీటర్లు దిగే వాలులో, చదునుతో పోలిస్తే శక్తి ఖర్చు దాదాపు సగానికి పడిపోయింది. అదే వాలును ఎక్కితే దాదాపు రెండున్నర రెట్లయింది. ఊపిరి మనల్ని మోసగించేది ఇందుకే. దిగేటప్పుడు గుండె మెల్లగా కొట్టుకుంటుంది, ఎంత దూరమయినా పోవచ్చనిపిస్తుంది. కానీ తొడ ముందు కండరాల సంగతి వేరు. ప్రతి అడుగులోనూ ఒంటి బరువును ఆపడానికి అవి బిగుసుకుంటూనే సాగుతాయి. ఇలా సాగుతూ పనిచేసినప్పుడు కండరపు పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. నొప్పి ఆ రోజు తెలియదు. మర్నాడు, ఆ మరుసటి రోజు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. అప్పటికప్పుడు జరిగేది ఒకటుంది: అడుగున చేరేసరికి తొడల్లో బలం తగ్గి మోకాలు వణుకుతుంది.

దీనికి మందు దిగడమే. ఒకసారి మితంగా దిగి కండరాలు నొచ్చి కోలుకున్నాక, మళ్ళీ అదే దారి దిగితే నొప్పి బాగా తగ్గుతుంది. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అందుకే మూడో వంతు, సగం, పూర్తి, ఇలా పెంచుకుంటూ పొమ్మంటున్నాను. ఒక్కో మెట్టుకు నడుమ కనీసం వారం ఇవ్వండి.

అడుగు పొట్టిగా వేయండి. పొడుగు అడుగు వేస్తే పాదం ఒంటికి ముందు పడుతుంది, మడమ నేలను గుద్దుతుంది, ఆ అదురు మోకాలికి ఎక్కుతుంది. పొట్టి అడుగులు వడివడిగా వేస్తే పాదం నడుము కిందే పడుతుంది, జారినా వెంటనే ఇంకో అడుగు వేసి నిలదొక్కుకోవచ్చు. భయం వేసినప్పుడు ఒళ్ళు వెనక్కి వాలుతుంది. అలా వాలితే జోడు అడుగున ఉన్న పట్టు నేలను కరవదు, కాళ్ళు ముందుకు జారిపోతాయి. నడుము దగ్గర వంగకుండా, చీలమండ దగ్గర నుంచి కొద్దిగా ముందుకు ఒరగండి. మోచేతులను పక్షి రెక్కల్లా కాస్త ఎడంగా ఉంచండి. చూపు కాలి వేళ్ళ మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. కాలు వేసే చోటును మీరు అప్పటికే చూసేసి ఉంటారు. ఇది నమ్మడానికి నా మేనకోడలికి మూడు వారాలు పట్టింది. నాకు ఏడాది పట్టింది.

గండిలో ప్రమాదకరమైన నేల రాళ్ళగుట్ట అనుకుంటారు. నా అనుభవంలో అది కాదు. బండ మీద పలచగా పరుచుకున్న సన్న గులక. గచ్చు మీద గోలీలు ఒలకబోసినట్టు ఉంటుంది. రాళ్ళగుట్ట కంటికి కనిపిస్తుంది కాబట్టి నెమ్మదిస్తాం, ఈ గులక మాత్రం చదునైన దారిలా కనబడి మోసం చేస్తుంది. దాని మీద మలుపు తిరగకండి. మలుపుకు ముందే వేగం తగ్గించి, గులక లేని బండ చూసి కాలు మోపి తిరగండి. వంకర తిరిగిన చోట దారి బయటి అంచున లోయ ఉంటుంది. లోపలి వైపే నడిచి దాటండి, పోయేది రెండు క్షణాలే.

మెలికలను అడ్డంగా కోసుకుని దిగకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒక్కరు కోసిన చోట పదిమంది కోస్తారు. వాన నీరు ఆ గాడిలోంచి దూకుతుంది, రెండేళ్ళలో అసలు దారి కొట్టుకుపోతుంది. మీ కాలు కదిలించిన రాయి కింది మెలికలో నడిచే మనిషి తల మీద పడవచ్చు. పొరపాటున రాయి దొర్లితే, కింద ఎవరూ కనిపించకపోయినా, "రాయి!" అని గొంతెత్తి అరవండి.

ఎదురు వచ్చేవారికి దారి ఇచ్చే పద్ధతి కూడా ఇక్కడిదే. ఎక్కేవారికి దారి ముందు, దిగేవారు ఆగాలి. ఎక్కేవారి చూపు నేల మీద ఉంటుంది, ఒకసారి ఆగితే మళ్ళీ లయ అందుకోవడం కష్టం. గుర్రాలు, కంచర గాడిదలు తిరిగే పార్కుల్లో అవి వస్తున్నప్పుడు గోడ వైపు, అంటే ఎగువ పక్కకు తప్పుకుని, కదలకుండా నిలబడాలి. లోయ వైపు నిలబడితే బెదిరిన జంతువు మిమ్మల్ని కిందికి తోసేస్తుంది. చివరి జంతువు దాటి కాస్త దూరం పోయేదాకా మళ్ళీ పరుగు మొదలుపెట్టవద్దు.

ఎక్కడం

పరుగెత్తాలన్న పట్టుదల ఇక్కడ వదిలేయండి. వాలు ఒక స్థాయి దాటాక నడక, పరుగు ఒకే వేగంతో సాగుతాయి, నడకకు శక్తి తక్కువ ఖర్చవుతుంది. అరచేతులు తొడల మీద, మోకాలికి కాస్త పైన ఆనించి, ప్రతి అడుగుకూ చేత్తో తొడను నొక్కుతూ లేవండి. పూర్తి వాక్యం ఒక్క ఊపిరిలో పలకగలిగినంత వేగమే సరైన వేగం. నేనయితే మెలికలు లెక్కపెడతాను. మా దారిలో ఇరవై ఆరు ఉన్నాయి. ప్రతి అయిదో మెలిక దగ్గర రెండు గుటకల నీళ్ళు. పైకి చూడను, పై అంచు ఎప్పుడూ ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది.

ఎండ, నీరు

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ అంకెలు చూస్తే గండి స్వభావం తేలికగా అర్థమవుతుంది. దక్షిణ అంచు నుంచి సౌత్ కైబాబ్ దారి సుమారు 2,200 మీటర్ల ఎత్తున మొదలై, కొలరాడో నది దాకా దాదాపు 1,450 మీటర్లు దిగుతుంది. ఆ దారిలో తాగునీరు లేదు, నీడ దాదాపు లేదు. అడుగున వేడి దక్షిణ అంచు కంటే సుమారు 11 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోపల ఎక్కుతూ దిగుతూ ఉండవద్దని అక్కడి పార్కు అధికారులు చెబుతారు.

ఎత్తు తగ్గిన కొద్దీ వేడి పెరుగుతుంది, సగటున ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీలు. గండిలో దీనికి ఇంకోటి తోడవుతుంది. రెండు వైపులా రాతి గోడలు పగలంతా ఎండను తాగి, పొద్దు వాలాక కూడా సెగ కక్కుతూ ఉంటాయి. గాలి ఆడదు. కాబట్టి పై అంచున చల్లగా ఉందని నీళ్ళు తగ్గించుకోకండి. అడుగున ఉండే వేడిని తలచుకుని సీసాలు నింపండి.

ఏడేళ్ళ కిందట, వేసవి చివర, నేను ఆ పొరపాటే చేశాను. అర లీటరు సీసా ఒకటి పట్టుకుని, సగం దాకా దిగి వద్దామని పోయాను. కాళ్ళు బాగా ఆడుతున్నాయి. సగం దగ్గర నుంచి వాగు కనిపించింది, ఇంకో మలుపు అనుకున్నాను. అది దాటాక మరొకటి. వాగులో నీరు లేదు. తిరిగి ఎక్కేటప్పుడు పడమటి గోడ మీద పదకొండు గంటల ఎండ. ఎనిమిదో మెలిక దగ్గర నీళ్ళు అయిపోయాయి. పద్నాలుగో మెలిక దగ్గర చెమట ఆగిపోయి చలి వేసినట్టు ఒళ్ళు గగుర్పొడిచింది. వేడిలో చలి వేయడం ఎంత చెడ్డ గుర్తో నేను పిల్లలకు చెప్పినదే. ఒక బండ కింద చారెడు నీడ దొరికితే అందులో ముడుచుకుని కూర్చున్నాను. కిందికి దిగుతున్న ఒక జంట నన్ను చూసి ఆగి, తమ దగ్గరున్న నీళ్ళలో లీటరు ఇచ్చి, నా చొక్కా తడిపి, అరగంట పక్కనే కూర్చున్నారు. 2.8 కిలోమీటర్లు ఎక్కడానికి ఆ రోజు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. వారి పేర్లు కూడా అడగలేకపోయాను. అప్పటి నుంచి నా సంచిలో ఒక లీటరు ఎప్పుడూ అదనంగా ఉంటుంది. అది నాది కాదు, దారిలో ఎవరికి అవసరమయితే వారిది.

చల్లటి పూట గంటకు అర లీటరు చాలామందికి సరిపోతుంది, ఎండలో అంతకంటే ఎక్కువ కావాలి. దాహం వేసినప్పుడు తాగండి, భయపడి బలవంతంగా కడుపు నింపుకోకండి. గంటల తరబడి ఉత్త నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక మొదలై ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్ ముగిశాక రక్త నమూనాలు పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి ఇలా సోడియం తగ్గినట్టు తేలింది. నీళ్ళతో పాటు ఉప్పున్నది ఏదయినా తింటూ ఉండండి.

వాన ఎక్కడో, వరద ఇక్కడ

1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆరిజోనాలో, లోయర్ యాంటిలోప్ అనే ఇరుకు గండిలో ఆకస్మిక వరద వచ్చి పదకొండు మంది చనిపోయారు. కుంభవృష్టి వారున్న చోట కురవలేదు, ఎగువన మైళ్ళ దూరంలో కురిసింది. బండరాయి నీటిని పీల్చదు. పరివాహక ప్రాంతమంతా కురిసిన వాన ఒకే ఇరుకు దారిలోకి గరాటులో పోసినట్టు దిగుతుంది.

కాబట్టి వాతావరణ సూచన చూసేటప్పుడు పార్కు ఉన్న చోటును మాత్రమే చూడకండి. పటంలో మీ వాగును ఎగువకు పట్టుకుని పోయి, అది పుట్టే కొండల మీద వాన ఉందేమో చూడండి. ఉంటే ఆ రోజు అంచు దారి, మరో మాట లేదు. అడుగున ఉండగా తేటగా పారే నీరు మసకబారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి బండలు దొర్లుతున్నట్టు మోత వినిపించినా, అప్పటికప్పుడు పక్క వాలు ఎక్కండి. వాగు వెంట దిగువకు పరుగెత్తవద్దు, నీరు మీకన్నా వేగంగా వస్తుంది. పారే నీరు జానెడు లోతు కూడా ఉండనక్కరలేదు, 15 సెంటీమీటర్లు చాలు పెద్ద మనిషి కాళ్ళు లాగేయడానికి. ఏటి దారిలో పరుగెత్తుతున్నంత సేపూ, "ఇప్పుడు నీరొస్తే ఎటు ఎక్కాలి?" అని ఒక కన్ను పక్క గోడల మీద వేసి ఉంచండి. జవాబు లేని ఇరుకుల్లో ఆగి ఫొటోలు తీసుకోవద్దు. ఉరుము వినిపిస్తే అంచు మీద కూడా ఉండకూడదు, చివరి ఉరుము విన్నాక అరగంట దాటేదాకా బహిరంగ బండల మీదికి రావద్దు.

మిగతా సామాను

జోడు కాలి వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. లేసు మడమ దగ్గర గట్టిగా, వేళ్ళ దగ్గర వదులుగా కట్టండి. ఎండిన బండకు మెత్తటి, పట్టున్న రబ్బరు కావాలి, లోతైన పళ్ళు బురదకే. చేతి గడియారం చూపే దూరాన్ని ఇరుకు గండిలో నమ్మకండి. ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి కాబట్టి గీత అటూ ఇటూ దూకుతుంది. గాలి పీడనంతో ఎత్తు చూపే గడియారమయితే ఎంత దిగారో సరిగానే చెబుతుంది, నాకు కావలసిందీ అదే. ఫోను సంకేతం అడుగున సాధారణంగా అందదు. పటం ముందే దింపుకుని ఉంచండి. ఏ దారిన దిగి ఏ దారిన ఎక్కుతున్నారో, ఎన్ని గంటలకు పైకి రావాలో ఒకరికి చెప్పి పోండి. ఒక ఈల, చిన్న తలదీపం, చుట్టుకట్టు, ఇవన్నీ కలిపినా పావు కిలో ఉండవు.

ఇంటికి వచ్చాక కాళ్ళు చాపుకోక ముందే పుస్తకంలో నాలుగు అంకెలు రాయండి: దిగడానికి పట్టిన సమయం, ఎక్కడానికి పట్టినది, తాగిన నీళ్ళు, పైకి చేరినప్పుడు సీసాలో మిగిలినవి. మేనకోడలు గత ఆదివారం మొదటిసారి వాగు దాకా దిగింది. ఆమె పేజీలో ఇలా ఉంది: దిగుడు 24 నిమిషాలు, ఎక్కుడు 61, తాగినవి ఒకటిన్నర లీటర్లు, మిగిలినవి ఒక లీటరు. దాని కింద చిన్న అక్షరాలతో, "పందొమ్మిదో మెలిక దగ్గర తూర్పు గోడ నీడ 9:40కి పోతుంది. వచ్చే వారం ఇరవై నిమిషాలు ముందు బయలుదేరాలి" అని రాసుకుంది.